మేమందరం ఒకటే

నా మనవరాలు వకీలు. ఆ మాట నలుగురిలో చెప్పుకోవాలని ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకే తెలుసు. ఇప్పుడు ఎవరైనా అడిగితే "కోర్టులో పని" అని ఊరుకుంటాను. ఏ కోర్టో చెప్పను. బెంగళూరు పక్కన మేముండే హెబ్బగోడి నుంచి బస్సులో పోయి రాగలిగిన దూరంలో ఉంది. అంతవరకు చాలు.

నేను చదివింది నాలుగో తరగతి దాకా, రాష్ట్రం సరిహద్దుకు అవతల తెలుగు బడిలో. ఆ తర్వాత పెళ్ళి, ఆనేకల్లో మగ్గం, పిల్లలు. కన్నడం వీధిలో నేర్చుకున్నాను. కాగితం ఖర్చు చేయడం నాకు ఇష్టం ఉండదు. ఇంత రాస్తున్నానంటే కడుపులో మంట చల్లారకనే.

బిడ్డ పుట్టిన నాలుగో నెలలో మనవరాలు మళ్ళీ నల్లకోటు వేసుకుంది. ఇంకా ఆలస్యం చేస్తే తన ఫైళ్ళన్నీ వేరే జూనియర్ చేతికి పోతాయని ఆమె భయం. ఆమె తల్లి, అంటే నా కూతురు, గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మనవరాలి మొగుడికి షిఫ్టులు. ఇంట్లో మిగిలింది నేను, కాబట్టి బిడ్డ నా చంకకెక్కింది. పొద్దునా సాయంత్రం తల్లి ఉంటుంది. చిక్కంతా మధ్యాహ్నం పాలతోనే. సీసా పెడితే ఆ పిల్ల రబ్బరును నాలుకతో బయటికి నెట్టేసేది. మనవరాలికీ తన పాలే ఇవ్వాలని పట్టుదల.

"ఏడాది దాకా ఇస్తానవ్వా, ఎట్లయినా సరే. డబ్బాపాలు నాకొద్దు" అంది.

పట్టుదల నా పెంపకంలోదే, కాదనలేకపోయాను. డబ్బాపాల ఖర్చు తప్పుతుందన్నదీ ఒక కారణమే, దాచుకోవాల్సిన పని లేదు. రోజూ మధ్యాహ్నం బిడ్డనెత్తుకుని బస్సెక్కేదాన్ని. ఏ కేసూ లేకుండా, పాల కోసం కోర్టు మెట్లెక్కినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కోర్టు వెనకాల వకీళ్ళ సంఘం హాలు. గోడ మీద రాతిపలకలో పాత అధ్యక్షుల పేర్లు, ఒక్క ఆడపేరు లేదు. మొదటిరోజే మనవరాలు గొంతు తగ్గించి ఏ బల్ల ఎవరిదో చెప్పింది. కిటికీ దగ్గరది ఊళ్ళో పాత కుటుంబాలది. నడిమి బల్ల పొలాలు అమ్మి లేఅవుట్లు వేసినవాళ్ళది. తలుపు దగ్గరది కోలారు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళది. ఉర్దూ మాట్లాడే వకీళ్ళు బయట స్టాంపులమ్మే మనిషి పక్కన, రేకుల కింద. ఆడవాళ్ళకు బల్ల లేదు. నీళ్ళ డ్రమ్ము పక్కన ఒక బెంచీ ఉంది, దాని మీద సగం ఫైళ్ళు, సగం మనుషులు.

"తలుపు కాడ బల్ల మన తెలుగోళ్ళదే కదమ్మే, ఆడ కూర్చోరాదా?" అన్నాను.

"తెలుగోళ్ళే అవ్వా. అయితే మనం నేసేవాళ్ళం, పైగా నేను ఆడదాన్ని. నన్ను కూర్చోపెట్టకుండా ఉండేదానికి వాళ్ళకి రెండు సాకులుండాయి."

ఆ బెంచీ మీదే గోడవైపు తిరిగి కూర్చుని పాలిచ్చేది. నేను కొంగు పరదాలా పట్టుకుని నిలబడేదాన్ని. ఆ కాసేపట్లోనే వకీళ్ళకు దాహం ఎక్కువయ్యేది. ఒకడు నీళ్ళు తాగిపోతే ఇంకొకడు గ్లాసు పట్టుకుని వచ్చేవాడు. నేను తేరిపార చూసేదాన్ని. నా చూపుకు కొందరు గ్లాసు నింపకుండానే తిరిగిపోయారు.

అట్లా నెల గడిచింది. ఒకరోజు మనవరాలి కేసు పిలవడం ఆలస్యమైంది. బిడ్డ నిద్రపోయింది, చేతులు లాగుతున్నాయి, బెంచీ మీద చోటు లేదు. మూల ఒక కుర్చీ ఖాళీగా ఉంది. దాని వీపుకు ఒక పాతకోటు తగిలించి ఉంది. మెడ దగ్గర తెల్లబారి, లోపలి గుడ్డ చిరిగి, భుజాల మీద దుమ్ము పొరగా పేరుకుపోయిన కోటు. ఎవరో పారేసిపోయారనుకున్నాను. కుర్చీలో కూర్చుని, కోటు దులిపి ఒళ్ళో పరిచి, దాని మీద బిడ్డను పడుకోబెట్టుకున్నాను. బిడ్డ కోటును తడిపింది.

ఒకరి వస్తువు తడిపి అట్లాగే వదిలేసే అలవాటు నాకు లేదు. కొళాయి దగ్గరకు తీసుకుపోయి, సంచిలో ఉన్న సబ్బుముక్కతో రుద్ది, పిండి, కాంపౌండు గోడ మీద ఎండకు ఆరేశాను. పాపం, దుమ్మంతా పోయి కోటు కాస్త నల్లగా కూడా అయింది.

ఆ హాలు పద్ధతి నాకు ఎవరూ చెప్పలేదు. కుర్చీలు తక్కువ, వకీళ్ళు ఎక్కువ. అందుకని ప్రతి సీనియరూ తన పాతకోటు ఒకటి కుర్చీకి తగిలించి పోతాడు. కోటు ఉంటే మనిషి ఉన్నట్టే, కోటు కుర్చీ దిగిందంటే మనిషి పోయినట్టే. ఆయన కోర్టులో ఉన్నా, ఇంట్లో ఉన్నా, తిరుపతికి పోయినా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. నేను ఉతికిన కోటు అందరికంటే పెద్ద సీనియర్‌ది. కాళ్ళు పడిపోయి ఆయన కోర్టు ముఖం చూసి చాలా కాలమైంది. కోటు మాత్రం రోజూ హాజరు.

గోడ మీద ఆ కోటు చూసి గేటు దగ్గర ఎవరో టోపీ తీశారట. "పెద్దాయన పోయినాడంట కదప్పా" అని ఒకడు, "ఎప్పుడు? నిన్న రాత్రేనా?" అని ఇంకొకడు. భోజనాల వేళకు హాలంతా పాకింది. ఒక జూనియర్ పూలదండకు మనిషిని పంపాడు. ఇంకెవరో తొందరపడి పెద్దాయన ఇంటికి ఫోన్ చేసి సంతాపం చెప్పాడు. ఆ ఫోన్ ఎత్తింది పెద్దాయనే.

అప్పుడు మొదలైంది గలాటా. సంఘం కార్యదర్శి పరుగున వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వుముఖం. తెలుగువాడే. నాతో తెలుగులో మాట్లాడతాడు, పక్కకు ఎవరైనా వస్తే కన్నడంలోకి మారిపోతాడు. ఆ రోజు మొత్తం కన్నడంలోనే మాట్లాడాడు.

"ఎవరు ముట్టుకోమన్నారమ్మా దాన్ని?"

"బిడ్డ తడిపింది, ఉతికినాను. గబ్బు కొడతాండేది, ఇప్పుడు చూడండి ఎట్లుండాదో" అన్నాను, నేను తెలుగులోనే.

రేకుల కింద ఎవరో నవ్వారు. ఆ నవ్వు మనవరాలి మీదికి వచ్చింది.

మర్నాడు హాలు తలుపుకు కాగితం అంటించారు. సభ్యులు కానివాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. టీ తెచ్చేవాడు లోపలికి పోతున్నాడు, కక్షిదారులు పోతున్నారు, జామకాయలమ్మే మనిషి కూడా గంప దించి ఉప్పూకారం కలుపుతున్నాడు. నేనూ బిడ్డా మాత్రం సభ్యులం కాము.

"అవ్వా, స్వల్ప అడ్జస్ట్ చేసుకోండి" అన్నాడు కార్యదర్శి. ఆసారి పక్కన ఎవరూ లేరు కాబట్టి తెలుగు. "పెద్దాయన ఇంట్లోవాళ్ళు బేజారు చేసుకున్నారు. కొన్నిదినాలు పోనీ."

"కొన్నిదినాలు బిడ్డ ఆకలి ఆపుకుంటాదా అప్పా?"

"అట్లంటే ఎట్లవ్వా. నేను మీ మనిషినే కదా."

ఆ తర్వాత మనవరాలు పాలివ్వని చోటు లేదు. ఒకరోజు ఆటోలో, డ్రైవరును టీ తాగిరమ్మని పంపి. ఒకరోజు జిరాక్స్ అంగడి వెనక, యంత్రం వేడి తగులుతుంటే. మరుగుదొడ్డిలో ఇవ్వమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తాళంచెవి కోర్టు సిబ్బంది దగ్గర ఉంటుంది, అడిగినప్పుడల్లా ఆ మనిషి ఊటకు, అంటే భోజనానికి, పోయి ఉంటాడు. తలుపు తెరిచి ఉన్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు. నేను తినని చోట నా బిడ్డ ఎందుకు తాగాలి?

ఆ సంఘంలో అందరికంటే పాత ఆడవకీలును అడిగి చూశాను. ఆమెకు జుట్టు నెరిసింది, పేరుంది, మాట చెల్లుతుంది. నా మాట సాంతం విని కళ్ళద్దాలు తుడుచుకుంది.

"మేమూ కన్నాము, పెంచినాము. ఎదకు గుడ్డ గట్టిగా బిగించి వచ్చేవాళ్ళం. పాలు కారి జాకెట్టు తడిస్తే కోటు గుండీలు పెట్టుకునేవాళ్ళం. మేము ఎవరినైనా అడిగినామా?"

"అడగాల్సింది తల్లీ" అన్నాను.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఫైలు తెరిచింది.

అక్కడ తల్లికి నెమ్మది లేదు, ఇక్కడ బిడ్డకు నెమ్మది లేదు. అటూ ఇటూ చూస్తూ, ఎవరైనా వస్తారేమోనని ఉలిక్కిపడుతూ ఇచ్చే పాలు ఎట్లా దిగుతాయి? మూడు రోజులు పోతే రెండు రోజులు బిడ్డ ఏడుస్తూనే వెనక్కి వచ్చేది. మనవరాలు మెంతులు తిన్నది, వెల్లుల్లి తిన్నది, నేను మడివాళ మార్కెట్ దాకా పోయి బొప్పాయికాయలు తెచ్చి వండిపెట్టాను. రాత్రి బిడ్డ చప్పరించి చప్పరించి వదిలేసేది. ఒకనాడు మనవరాలే డబ్బాపాలు కొనుక్కొచ్చి పొయ్యి పక్కన పెట్టింది. నేను నీళ్ళు కాచాను. ఆ పిల్ల రెండు రోజులు రబ్బరును నెట్టింది. మూడోరోజు తాగింది.

మధ్యాహ్నం ఒక్కపూటే కదా, మిగిలిన పూటలు పట్టు వదలనని మనవరాలు అనేది. మళ్ళీ హాల్లోకి రానిస్తే పాలు మళ్ళీ పడతాయని ఆమె ఆశ. దానికోసం కార్యదర్శి చుట్టూ తిరిగింది. ఆయనొక దారి చెప్పాడు. ఆమె హాల్లో నిలబడి పెద్దాయనకు, సంఘానికి క్షమాపణ చెప్పాలి. చెబితే హాలు వెనక సామాన్ల గదిని ఆడవాళ్ళ గదిగా మారుస్తారు, బిడ్డలకు పాలిచ్చుకోవచ్చు.

"ఉతికింది నేను. నేను చెప్తాను క్షమాపణ" అన్నాను ఆయనతో.

"మీరు మెంబర్ కారు కదవ్వా. మెంబర్ చెప్తేనే రికార్డు అవుతాది."

నా మనవరాలు ఆ సంఘంలో సభ్యురాలేనని నాకు గట్టిగా తెలిసింది ఆ మాటతోనే.

"ఒద్దమ్మే" అన్నాను ఇంటికొచ్చాక. "గుడ్డ ఉతికినందుకు తలొంచుతావా? వాదించేదానికి కదా నిన్ను చదివించింది."

"సుమ్నే ఊరకుండవ్వా. దినానికి పదిసార్లు చెప్తాండాను సారీ. జడ్జికి, సీనియర్‌కి, క్లర్కుకి. ఇది పదకొండోది."

హాల్లో ఆమె చెబుతుంటే నేను వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాను, లోపలికి రానివ్వరు కాబట్టి. "తప్పాయితు, దయవిట్టు క్షమిసి" అంది, తప్పయింది, దయచేసి క్షమించండి అని. గొంతు వణకలేదు. తల ఎంత వంచాలో అంతే వంచింది, చేతులు ఎక్కడ జోడించాలో అక్కడే జోడించింది. అంత సులువుగా చెప్పడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. చెప్పనని మొండికేస్తే ఓర్చుకునేదాన్ని. తడబడినా ఓర్చుకునేదాన్ని. ఆ సులువే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. లోపల చప్పట్లు కొట్టారు.

గది వారంలో ఇస్తామన్నారు. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. సున్నం వేయాలన్నారు, తర్వాత ఆ సున్నం ఆరాలన్నారు. బయటి నుంచి ఎవరో పెద్ద మనిషిని పిలిచి ఆయన చేతుల మీదుగా తెరవాలన్నారు, ఆయనకు తీరిక కుదరాలన్నారు. ఊరికే తెరవడం ఎందుకు, సంఘం ఐక్యతా దినం, క్షేమ శిబిరం, అన్నీ ఒకేసారి పెట్టుకుందాం, ఖర్చు కలిసొస్తుందన్నారు. ఖర్చు కలిసిరావడం గురించి నాకు చెప్పకూడదు. ఎక్కడ పొదుపు చేయాలో ఎక్కడ చేయకూడదో నాకు తెలుసు.

ఆ దినానికి ఆడవకీళ్ళందరూ ఒక్కో భాష చీర కట్టుకుని గేటు దగ్గర హారతిపళ్ళెం పట్టుకుని నిలబడాలట. మనవరాలి వంతుకు తెలుగుచీర వచ్చింది.

"తెలుగుచీర అంటే ఏదవ్వా?"

"మేము నేసిన చీరలు ఎవురెవురో కొనుక్కుని పోయినారు. ఏ చీరా ఏ భాషా మాట్లాడింది నేను వినలేదు" అన్నాను. చివరికి నా పెట్టెలోదే ఒకటి ఇచ్చాను.

మగవాళ్ళకు చీరల బాధ లేదు. నల్లకోట్లతోనే వచ్చారు.

గేటుకు అడ్డంగా పెద్ద ఫ్లెక్సు కట్టారు. దాని మీద న్యాయదేవత బొమ్మ, సంఘం పెద్దల ఫోటోలు, మూలన బిడ్డనెత్తుకున్న నా మనవరాలి ఫోటో. కింద ఒకే మాట ఎన్నో భాషల్లో రాశారు. కన్నడం కూడబలుక్కుని చదివాను. తెలుగు చదివి ఆగిపోయాను. "మేమందరం ఒకటే" అని ఉంది.

మనమందరం అనాల్సింది. కన్నడంలో రెంటికీ 'నావు' అని ఒకటే మాట. బెంగళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ రెంటినీ కలిపేస్తారు. నా మనవరాలు చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని "అవ్వా, మేము గుడికి పోదామా?" అనేది. నేను మొట్టికాయ వేసి "మేము అంటే నేను రాకూడదనా? మనం అను" అనేదాన్ని. కార్యదర్శికి మొట్టికాయ వేసిన అవ్వ లేనట్టుంది.

మనవరాలికి చూపించాను. హారతిపళ్ళెం పట్టుకునే చదివింది, చదివి నవ్వింది కూడా.

"నాకే చూపించినారు ముందు. కరెక్షన్ చెప్తే మళ్ళీ ప్రింట్ అంటారు. ఊరుకోవ్వా, ఎవురు చదువుతారు."

అచ్చులో తప్పు పడిందని మొదట అనుకున్నాను. రెండోసారి చదివితే తప్పేమీ కనిపించలేదు.

శిబిరానికి నగరం నుంచి ఒక డాక్టరు వచ్చాడు. వకీళ్ళకు మనసు మీద ఒత్తిడి ఎక్కువని, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలని చెప్పాడు. మంచి మాటలే. అందరినీ కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని, ఊపిరి లోపలికి తీసుకోమన్నాడు. ఆ ఒక్కరోజు నన్ను కూడా వెనక వరుసలో కూర్చోనిచ్చారు. నేను కళ్ళు మూసుకోలేదు. కిటికీ బల్లవాళ్ళు కిటికీ దగ్గర, నడిమి బల్లవాళ్ళు నడుమ, ఎవరి చోటులో వాళ్ళే ఊపిరి తీసుకుంటున్నారు. మూల కుర్చీకి పెద్దాయన కోటు మళ్ళీ తగిలించారు. ఆడవాళ్ళు పళ్ళేలు కడుగుతున్నారు.

తర్వాత గది తెరిచారు. రిబ్బను కత్తిరించారు. చిన్న గదే, సున్నం వాసన, కొత్త పరదా, మెత్తటి కుర్చీ ఒకటి. కార్యదర్శి నా చేతుల్లోంచి బిడ్డను తీసుకుని మనవరాలి ఒళ్ళో పెట్టాడు. "ఇట్లా చూడమ్మా, నవ్వు" అన్నాడు. రిబ్బను కత్తిరించిన పెద్ద మనిషి పక్కన నిలబడ్డాడు, ఆ నెరిసిన ఆడవకీలూ నిలబడింది. ఫోటోలు తీశారు. "చూసినారా అవ్వా, చెప్పినట్టే చేసినాము కదా" అన్నాడు నాతో, అందరి ముందరా, తెలుగులోనే. అందరూ ఊటకు పోయారు.

గదిలో మేం ముగ్గురమే మిగిలాం. మనవరాలు పరదా లాగింది. "అవ్వా, ఒకసారి చూస్తాను" అంది. అప్పటికి రాత్రి పాలు కూడా ఆగిపోయి చాలా రోజులైంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పట్టుచీర కొంగు పక్కకు తీసి బిడ్డను దగ్గరకు హత్తుకుంది. ఆ పిల్ల కొత్తచోటని కళ్ళు తిప్పి చూసింది, నోరు ఆనించింది, ఒకటి రెండుసార్లు చప్పరించింది. ఏమీ రాలేదు. ముఖం తిప్పుకుని, ఏడవకుండా, నా వైపు రెండు చేతులూ చాపింది. నా సంచిలో సీసా ఉంటుందని దానికి అప్పటికే తెలుసు.

"ఇయ్యవ్వా" అంది మనవరాలు, జాకెట్టు సర్దుకుంటూ.

సీసా ఇచ్చాను. బిడ్డ ఆ మెత్తటి కుర్చీలో తల్లి ఒళ్ళోనే పడుకుని, డబ్బాపాలు గుటకలు వేస్తూ తాగింది. మనవరాలు గోడ వైపు చూస్తూ కూర్చుంది, కొత్త సున్నం మీద కుంచె గీతలు లెక్కపెడుతున్నట్టు. పాలు అయిపోయాక మూతి తుడిచి నాకు అందించి, "నువ్వు పోవ్వా, నాకు మూడింటికి కేసుండాది" అంది. చీర మీదే నల్లకోటు వేసుకుని వెళ్ళిపోయింది.

నేను బిడ్డను చంకనేసుకుని బయటికి వచ్చేసరికి ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి మోసుకొస్తున్నారు. "కొంచెం పక్కకు జరగమ్మా, ఇవి ఈ గదిలోనే పెట్టాలి" అన్నారు. జరిగాను.